ట్రాక్టరు సెల్ఫు పట్టలేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

కాలవకు నీళ్లొచ్చాయి. ఆకుమడి అందుకొచ్చింది. ఊడ్పులకు కూలీలను మాట్లాడి బయానా కూడా ఇచ్చేశారు. తెల్లారకుండానే దమ్ముకు దిగాలని ట్రాక్టరెక్కి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పితే అదీ లేదు. అప్పుడు పక్క రైతుల్ని బతిమాలి నలుగురూ కలిసి నెట్టడమో, మరో ట్రాక్టరుతో లాగించడమో చేయాలి. చేలో ఇంజను ఆగిందంటే మళ్లీ అదే కథ. దమ్ము రెండు రోజులు వెనకబడితే కూలీలు వేరే చేలోకి పోతారు, ఆకు ముదురుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. టౌనుకు వెళ్లి కొత్త బ్యాటరీ తెచ్చేయడం. కిందటి సార్వాలో పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక రైతు అదే చేశారు. సొంతం రెండున్నర ఎకరాలు, కౌలు నాలుగు ఎకరాలు. సెకండ్ హ్యాండులో కొన్న 35 హార్స్ పవర్ ట్రాక్టరు. బ్యాటరీ డౌనయిందని ఎనిమిది వేలు పోసి కొత్తది వేయించారు, పాతది కొట్లోనే ఇచ్చేశారు. వారం తిరక్కుండా కొత్తదీ డౌనయింది. కొట్టువాడితో తగువు పడ్డాక ఊళ్లో ఎలక్ట్రీషియన్ కుర్రాడిని పిలిపించారు. ఆ కుర్రాడు బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు మీద వేలు పెట్టి నొక్కి, “బాబాయ్, బ్యాటరీదేం తప్పు లేదండి. బెల్టు చూడండి, ఉయ్యాల్లా ఊగుతోంది. చార్జింగే ఎక్కట్లేదు” అన్నాడు. బెల్టు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. పాత బ్యాటరీకి ఇంకా ఏడాది ఆయుష్షు ఉండేదేమో, ఇప్పుడు చెప్పుకుని లాభం లేదు.

ఈ వారం మీకు చెప్పదలచింది ఇదే. సెల్ఫు పట్టనంత మాత్రాన బ్యాటరీ పోయినట్టు కాదు. నిజంగా పోయిన బ్యాటరీల్లో కూడా వయసు తీరి పోయినవి తక్కువ, మన చేతుల్లో పోయినవి ఎక్కువ.

లోపల ఏముంటుంది?

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. అందులో ఆరు గదులుంటాయి, ఒక్కో గది సుమారు రెండు వోల్టులు. ఒక్కో గదిలో సీసం ప్లేట్లు, వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం, అంటే మనం ఆసిడ్ అనేది, ఉంటుంది. కరెంటు వాడుకుంటున్న కొద్దీ ఆ ఆసిడ్‌లోని గంధకం ప్లేట్లకు పట్టి తెల్లటి ఉప్పులాంటి పదార్థం తయారవుతుంది. ఆసిడ్ పలచబడుతుంది. చార్జింగు ఎక్కినప్పుడు ఆ ఉప్పు విడిపోయి మళ్లీ ఆసిడ్‌లో కలుస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. దిగిపోయిన బ్యాటరీని వెంటనే చార్జి చేస్తే ఆ ఉప్పు మెత్తగా ఉంటుంది కాబట్టి విడిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గడ్డకట్టి ప్లేటుకు అంటుకుపోతుంది. తర్వాత ఎంత చార్జి చేసినా విడవదు. మెకానిక్కులు ‘సల్ఫేట్ పట్టింది’ అనేది దీన్నే. సార్వా దమ్ములు అయ్యాక ట్రాక్టరును చావిట్లో పెట్టేసి, కోతలదాకా ముట్టుకోని వాళ్ల బ్యాటరీలు పోయేది ఎక్కువగా ఇలాగే. తిరిగితే అరుగుతుంది, ఊరికే ఉంటే భద్రంగా ఉంటుంది అనుకుంటాం. బ్యాటరీ విషయంలో అది తిరగబడుతుంది.

ఇంకో సంగతి. సెల్ఫు మోటారు ఇంజనును తిప్పేటప్పుడు ఆ కొద్ది సెకన్లూ రెండు మూడు వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వాలి కాబట్టి ఈ బ్యాటరీలో ప్లేట్లు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక్క ఊపులో ఇచ్చి, ఇంజను తిరగ్గానే తిరిగి తీసుకోవడానికే దీన్ని తయారు చేశారు. గంటల తరబడి కొద్దికొద్దిగా ఖర్చు పెట్టడానికి కాదు. 1987, 88ల్లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వచ్చే వేళకు కరెంటు పోతే మా ఊళ్లో ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి టీవీకి తగిలించేవారు. చిన్నపిల్లలం మేం చప్పట్లు కొట్టేవాళ్లం. సోమవారం పొద్దున ఆ ట్రాక్టరును నెట్టడానికి కూడా మమ్మల్నే పిలిచేవారు. ఇప్పుడు టీవీ బదులు పెద్ద పెద్ద సౌండు బాక్సులు, రంగు లైట్లు వచ్చాయి. ఇంజను ఆపి, పెళ్లి ఊరేగింపులో రెండు గంటలు పాటలు పెడితే మర్నాడు సెల్ఫు పట్టదు. పాటలు కావాలంటే ఇంజను నడుస్తున్నప్పుడే పెట్టుకోండి.

ముందు టెర్మినళ్లు, తర్వాత లైట్లు

సెల్ఫు పట్టనప్పుడు మొట్టమొదట చూడాల్సింది బ్యాటరీ రెండు కొమ్ములూ, వాటికి బిగించిన క్లాంపులూ. వాటిమీద తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే కరెంటు దాటదు. క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కదిలిందంటే లూజు. మైనస్ వైరు చాసిస్‌కు బిగించిన చోట తుప్పు పట్టినా ఇదే బాధ. దీన్ని చాలామంది చూడరు, ఎందుకంటే అది కింద బురదలో ఎక్కడో ఉంటుంది.

అక్కడ బాగానే ఉంటే హెడ్‌లైట్లు వేసి, ఒక మనిషిని ముందు నిలబెట్టి, తాళం తిప్పండి. తిప్పగానే లైట్లు బాగా మసకబారితే బ్యాటరీలో చార్జి లేదు, లేదా కనెక్షన్ లూజు. లైట్లు అలాగే వెలుగుతూ ఉండి సెల్ఫు మాత్రం కదలకపోతే తప్పు బ్యాటరీది కాదు. సెల్ఫు మోటారు, దాని స్విచ్చి, వైర్లు చూడాలి. చాలా ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో తప్ప సెల్ఫు పట్టకుండా భద్రతా స్విచ్చి ఉంటుంది. అది బురద పట్టి పనిచేయకపోయినా బ్యాటరీనే తిడతాం.

ఒక మాట. పట్టట్లేదని సెల్ఫును అదేపనిగా తిప్పుతూ ఉండకండి. పది సెకన్లు మించి తిప్పవద్దు. ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. లేకపోతే సెల్ఫు మోటారు కూడా కాలుతుంది.

మూడు వందల రూపాయల మీటరు

డిజిటల్ మల్టీమీటరు ఇప్పుడు రెండు మూడు వందలకే దొరుకుతోంది. ఊళ్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. బోరు మోటారు వైర్లు చూసుకోవడానికీ పనికొస్తుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించండి. ఇంజను ఆపి కొన్ని గంటలు అయ్యాక చూడాలి, రాత్రి ఆపి పొద్దున చూస్తే సరిగ్గా తెలుస్తుంది. అప్పుడే ఆపిన ఇంజను మీద చూస్తే పైపై చార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది, మోసపోతారు.

12.6 లేదా ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం, అప్పటికే చార్జి చేయించాలి. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. రాత్రంతా చార్జి పెట్టి దించాక, కొన్ని గంటలు ఆగి చూసినా పదిన్నర దగ్గరే ఆగిపోతే ఆరు గదుల్లో ఒకటి చచ్చిపోయిందని లెక్క. రెండు వోల్టులు అక్కడే పోయాయి. ఇక ఆ బ్యాటరీ మీద డబ్బు పెట్టకండి.

ఇప్పుడు ఇంజను స్టార్టు చేసి, ఆక్సిలరేటర్ సగానికి ఉంచి మళ్లీ మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 దాకా చూపించాలి. ఇంజను నడుస్తున్నా 13 దాటకపోతే చార్జింగు ఎక్కడం లేదు. ఫ్యాన్ బెల్టు, ఆల్టర్నేటరు, వైర్లు చూపించాలి. బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి, అంతకు మించితే లూజు. పైన చెప్పిన రైతుకు జరిగింది ఇదే. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. కొత్త బ్యాటరీ కొనడానికి ముందు ఎవరికైనా నేను చెప్పేది, ఇది చూడకుండా టౌను బస్సెక్కవద్దని.

15 దాటి చూపిస్తే అది మరో జబ్బు. రెగ్యులేటరు పాడై చార్జి మితిమీరి ఎక్కుతోంది. బ్యాటరీ ఒళ్లు కాలిపోతుంటుంది, నీళ్లు ఊరికే ఇంకిపోతుంటాయి. వారం వారం నీళ్లు పోయాల్సి వస్తోందంటే దీన్ని అనుమానించండి.

బ్యాటరీ కొట్లలో హైడ్రోమీటరు ఉంటుంది. గదిలోని ఆసిడ్‌ను పీల్చి గ్రావిటీ చూస్తారు. నిండుగా చార్జి అయిన బ్యాటరీలో కంపెనీని బట్టి 1.240 నుంచి 1.280 దాకా ఉంటుంది. ఆరు గదుల్లో అయిదు సమానంగా ఉండి, ఒకదాంట్లో మాత్రం 50 పాయింట్లకు పైగా తగ్గితే, అంటే అన్నీ 1.240 ఉంటే అదొక్కటి 1.190 లోపు ఉంటే, ఆ గదికి రోజులు దగ్గరపడ్డాయి. అన్నీ ఒకే రకంగా తగ్గి ఉంటే కంగారు పడకండి, అది చార్జి లేకపోవడమే. అలాంటి బ్యాటరీని చూసి ‘పోయిందండీ, మార్చేయండి’ అంటే ముందు చార్జి చేసి చూపించమనండి.

చార్జి నెమ్మదిగా ఎక్కాలి. బ్యాటరీ 80 ఆంపియర్ అవర్‌ది అయితే 8 ఆంపియర్లతో, అంటే పదో వంతుతో, పది పన్నెండు గంటలు పెట్టాలి. ‘గంటలో ఎక్కించేస్తాం’ అనేవాళ్లు ఉంటారు. అలా ఎక్కిస్తే వేడెక్కి ప్లేట్లమీది పదార్థం రాలిపోతుంది. దమ్ము మధ్యలో తప్పనిసరైతే ఒకసారికి సరే, అలవాటు చేయకండి.

నీళ్ల దగ్గర చేసే తప్పు

మూతలున్న బ్యాటరీలకు నెలకోసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూసుకోవాలి. ప్లేట్లకు పైన ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు నీళ్లు ఉండాలి. డబ్బా మీద ఎక్కువ, తక్కువ గీతలుంటే వాటి మధ్య ఉండాలి. ప్లేటు బయటపడి గాలి తగిలిందంటే ఆ మేరకు అది ఎండిపోయి పనికిరాకుండా పోతుంది. మళ్లీ నీళ్లు పోసినా తిరిగి రాదు.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. మన డెల్టా చివర, సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు ఉప్పనివి, అవి పోశారంటే బ్యాటరీకి విషం పోసినట్టే. ఈమధ్య కొందరు ‘మినరల్ ప్లాంటు నీళ్లు శుభ్రంగానే ఉన్నాయిగా’ అంటున్నారు. అవి మనం తాగడానికి బాగుంటాయి. వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి, బ్యాటరీకి పనికిరావు. లీటరు డిస్టిల్డ్ వాటరు ఖర్చు రెండు టీల ఖర్చు దగ్గరే ఉంటుంది.

ఆసిడ్ మాత్రం పోయవద్దు. ‘పవరు తగ్గింది, కొంచెం ఆసిడ్ పోస్తే పుంజుకుంటుంది’ అనే మాట ఊళ్లల్లో బాగా వినిపిస్తుంది. బ్యాటరీలోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఆసిడ్ ఎక్కడికీ పోదు. మీరు పైనుంచి ఇంకా పోస్తే ఘాటు ఎక్కువై ప్లేట్లను తినేస్తుంది. మొదటి నాలుగు రోజులు సెల్ఫు జోరుగా పట్టినట్టే ఉంటుంది, అందుకే ఆ మాట నిలబడింది. ట్రాక్టరు తిరగబడి ఆసిడ్ ఒలికిపోతే అది వేరు, అప్పుడు బ్యాటరీ మనిషి చేత అదే గ్రావిటీ ఆసిడ్ పోయించాలి.

ఎప్పుడు పోయాలనేది కూడా ఉంది. చార్జి అయ్యాక పోయడం మంచిది. చార్జి అవుతుంటే లోపలి మట్టం కొంత పెరుగుతుంది కాబట్టి ముందే నిండా పోస్తే పైకి పొంగి ట్రే అంతా తుప్పు పడుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందు పోసి, చార్జి చేసి, తర్వాత సరిపెట్టండి. మూతల మీదుండే చిన్న బెజ్జాల్లో బురద పట్టకుండా చూడండి. దమ్ములో ఇనప చక్రాలు ఎగజిమ్మే బురదకు అవి మూసుకుపోతాయి, లోపలి గ్యాసు బయటికి పోదు.

బిగింపు, శుభ్రం

బ్యాటరీ ట్రేలో కదలకూడదు. దమ్ములోనూ గట్ల మీదా ట్రాక్టరు కుదుపుకు లూజుగా ఉన్న బ్యాటరీలో ప్లేట్లమీది పదార్థం రాలి అడుగున చేరి, ప్లేట్లు ఒకదానికొకటి తగులుతాయి. పైపట్టీ బిగించండి, కింద ఒక రబ్బరు ముక్క వేయండి. పాత లారీ ట్యూబు ముక్క చాలు. పైపట్టీ లేదని కొబ్బరి తాడుతో కట్టిన ట్రాక్టర్లు ఎన్ని చూశానో! ఆ పట్టీ వంద రూపాయలకు వెల్డింగు షాపులో చేసిస్తారు.

కొమ్ముల మీద పొడి పేరుకుంటే క్లాంపులు విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. గదుల మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే ఆసిడ్ చెడుతుంది. ఆరాక క్లాంపులు బిగించి, ఆ పైన వ్యాసలీను పూయండి. ముందు పూసి తర్వాత బిగించవద్దు. బ్యాటరీ పైభాగం ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడి, దుమ్ము కలిసి ఒక కొమ్ము నుంచి మరో కొమ్ముకు దారి వేస్తాయి, కరెంటు కొద్దికొద్దిగా కారిపోతుంది.

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస గుర్తుంచుకోండి. మైనస్ బిగించి ఉండగా ప్లస్ నట్టు తిప్పుతుంటే, పానా ఇంజను ఇనుముకు తగిలిందంటే పెద్ద నిప్పు రవ్వ వస్తుంది. చార్జి అయ్యే బ్యాటరీలోంచి హైడ్రోజన్ గ్యాసు వస్తుంది, రవ్వ తగిలితే పేలుతుంది, ఆసిడ్ ముఖం మీద పడుతుంది. అందుకే నీళ్లు చూడ్డానికి అగ్గిపుల్ల గీయకండి, సెల్‌ఫోను లైటు ఉండనే ఉంది. బీడీ, సిగరెట్టు దగ్గర వద్దు. చేతి ఉంగరం, కడియం తీసి పెట్టండి. ఆసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా మంచినీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తండి.

ట్రాక్టరుకు పని లేని నెలల్లో పదిహేను రోజులకోసారి స్టార్టు చేసి కనీసం అరగంట నడపండి. స్టార్టు చేసి అయిదు నిమిషాల్లో ఆపేస్తే సెల్ఫుకు ఖర్చయింది కూడా తిరిగి చేరదు. అంత తీరిక లేకపోతే మైనస్ వైరు విప్పి పక్కన పెట్టి, నెలకోసారి చార్జరు పెట్టించండి. బ్యాటరీని ఎండకు వదిలేయకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపల అరుగుదల దాదాపు రెట్టింపవుతుంది. మన బ్యాటరీలు సంక్రాంతి చలికి సెల్ఫు పట్టక బయటపడతాయి గానీ, అవి దెబ్బతినేది రోహిణి ఎండల్లో.

అత్యవసరంలో మరో బ్యాటరీతో

చేలో ఆగిపోతే పక్క ట్రాక్టరు బ్యాటరీతో స్టార్టు చేసుకోవచ్చు. రెండూ 12 వోల్టులవే అయి ఉండాలి. లారీలకు ఉండే 24 వోల్టుల జత మీంచి తీయవద్దు. ఎర్ర కేబులు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబులు మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస దిగిపోయిన ట్రాక్టరు ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించండి. ఆఖరి రవ్వ గ్యాసు దగ్గర రాకుండా ఉండడానికే ఇలా. స్టార్టయ్యాక వచ్చిన వరసకు ఎదురు వరసలో తీసేయండి. ప్లస్ మైనస్ తారుమారైతే ఆల్టర్నేటరు క్షణంలో పోతుంది. పల్చటి ఇంటి వైర్లతో ఈ పని చేయకండి, కాలిపోతాయి.

కొనక తప్పకపోతే

సరిగ్గా చూసుకున్న బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తుంది, అయిదేళ్లు లాగినవాళ్లూ ఉన్నారు. వయసు మూడేళ్లు దాటి, చార్జింగు బాగానే ఎక్కుతూ, నిండా చార్జి చేసి దించినా రెండో రోజుకే సెల్ఫు ఈడుస్తుంటే ఇక మార్చుకోండి. దమ్ముల మధ్యలో కాకుండా, ముందే మార్చుకుంటే బేరం మీ చేతుల్లో ఉంటుంది.

పాత బ్యాటరీ మీద, లేదా ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఎన్ని ఆంపియర్ అవర్లో రాసి ఉంటుంది. 35 నుంచి 45 హార్స్ పవర్ ట్రాక్టర్లకు సాధారణంగా 75 నుంచి 100 దాకా ఉంటుంది, మినీ ట్రాక్టర్లకు తక్కువ. అంతకు తగ్గినది చవకగా వస్తోందని తీసుకోవద్దు. చిన్న బ్యాటరీ ప్రతి స్టార్టుకూ శక్తికి మించి పనిచేసి తొందరగా పోతుంది. కొలతతో పాటు ప్లస్ కొమ్ము ఏ వైపుందో కూడా చూసుకెళ్లండి. అటుదిటైతే వైరు అందదు, లాగి బిగిస్తే తెగుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీని ట్రాక్టరుకు, ట్రాక్టరుది ఇన్వర్టరుకు వాడకండి. రెంటి ప్లేట్లూ వేరు, పనీ వేరు.

మెయింటెనెన్స్ ఫ్రీ అని మూతలు లేనివి వస్తున్నాయి. కొన్నింటికి పైన చిన్న అద్దం కన్ను ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే చార్జి ఉన్నట్టు, నల్లగా ఉంటే చార్జి పెట్టాలి, తెల్లగానో పసుపుగానో ఉంటే లోపల నీళ్లు తగ్గినట్టు. ఆ కన్ను ఒక్క గది సంగతే చెబుతుంది. నీళ్లు పోసే బాధ లేదు నిజమే. అయితే పాత ట్రాక్టర్లలో రెగ్యులేటరు సరిగా లేక చార్జి ఎక్కువైతే ఇంకిన నీళ్లను తిరిగి పోయడానికి వీలుండదు. పదేళ్లు దాటిన ట్రాక్టరుకైతే మూతలున్నదే తీసుకోమంటాను.

కొట్లో మూడు అడగండి. ఒకటి, తయారైన తేదీ. డబ్బా మీద గుర్తుల్లో ఉంటుంది, ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి. కొట్టువాడినే చదివి చూపించమనండి. ఆరు నెలలు దాటి మూల పడున్నది వద్దు. రెండు, గ్యారంటీ. నాలుగేళ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది గానీ అందులో ఎన్నాళ్లు ఉచితంగా మార్చి ఇస్తారు, ఎన్నాళ్లు ధరలో కొంత తగ్గించి ఇస్తారు అన్నది వేరువేరుగా ఉంటుంది. కార్డు మీద తేదీ వేసి ముద్ర కొట్టించండి, డబ్బా మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా చూడండి. మూడు, బిల్లు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే ఆ తగ్గింపు మీకు వద్దు. మా నాన్నగారి ట్రాక్టరుకు నేనే ఒకసారి అలా తెచ్చాను. పాత బ్యాటరీకి రంగేసి, కొత్త స్టిక్కరంటించి అమ్మారు. నాలుగు నెలలకు చచ్చింది. అడగబోతే ‘మా దగ్గర కొన్నట్టు కాగితముందా?’ అన్నారు. ఆ తర్వాత కొమ్ముల మీద గీతలు, క్లాంపు నొక్కిన గుర్తులు ఉన్నాయా అని గోరుతో తడిమి చూడకుండా కొనడం మానేశాను.

బిగించే ముందు మీటరు పెట్టి చూపించమనండి. 12.4 కంటే తక్కువుంటే చార్జి చేసి ఇవ్వమనండి.

పాతది ఊరికే ఇవ్వకండి. దాని బరువులో సగానికి పైగా సీసమే, అది కరిగించి మళ్లీ వాడతారు. బరువు తూయించి, ఎంత తగ్గిస్తారో రెండు కొట్లలో అడిగాక బేరం తెంపండి. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులదే. మనం మామూలు చెత్తలో కలపకూడదు. బరువు తగ్గుతుందని ఆసిడ్‌ను కాలవలోనో, చెరువు గట్టునో పారబోయడం, ఇంటి దగ్గర పగలగొట్టి సీసం తీయడం చేయవద్దు. సీసం దుమ్ము పిల్లల బుర్రలను దెబ్బతీస్తుంది.

స్ప్రేయరు బ్యాటరీ సంగతి

ట్రాక్టరు లేని రైతుకు కూడా ఇప్పుడు ఇంట్లో ఒక బ్యాటరీ ఉంటోంది, వీపున తగిలించుకునే స్ప్రేయరులో. చాలావాటిలో 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ల సీల్డు బ్యాటరీ ఉంటుంది. ఇదీ సీసం, ఆసిడ్లదే కాబట్టి పైన చెప్పిన జబ్బే దీనికీ ఉంది. మందు కొట్టడం అయ్యాక అలాగే అటక మీద పెట్టేసి, నెల తర్వాత దించి ‘ఎక్కట్లేదు’ అంటాం. కొట్టిన రోజు రాత్రే చార్జి పెట్టండి. పని లేని రోజుల్లోనూ నెలకోసారి పెట్టండి. నిండాక రోజుల తరబడి ప్లగ్గులోనే వదిలేయవద్దు. పంపు జోరు తగ్గగానే ఆపేయండి, ఆఖరి ట్యాంకు అయిపోవాలని పూర్తిగా దించేస్తే ఆయుష్షు తగ్గుతుంది. కొత్తగా లిథియం బ్యాటరీలతో స్ప్రేయర్లు వస్తున్నాయి. వాటికి వాటి చార్జరే వాడాలి, పాత స్ప్రేయరు చార్జరు పెడితే ప్రమాదం. మార్చాల్సి వస్తే పాత బ్యాటరీని విప్పి కొట్టుకు పట్టుకెళ్లండి. పొడవు, వెడల్పు, వైరు తగిలించే రేకులు సరిపోయాయో లేదో అక్కడే పెట్టి చూసుకోవచ్చు.